సైసు అంటే ఎవరు? గుర్రపువాడు, రౌతు, సాహిణి: ఎవరి పని ఏది?

మీరు అడిగింది ఇది. బెంగళూరు హలసూరులోని మీ పాత ఇంట్లో, కంటోన్మెంటు దొర ఒకాయన 1912లో మీ ముత్తాతగారికి రాసిచ్చిన చీటీ దొరికింది. అందులో ఆయన పని ‘సైస్’ అని ఉంది. మీ నాయనమ్మ మాత్రం తన మామగారు ‘గుర్రపువాడు’ అని చెప్పేవారు. మీ అన్నయ్య అది ‘సాయిబు’ అనబోయి తప్పుగా రాసిందంటున్నారు. మీ బాబాయిగారు ‘రౌతు’ అని వేసుకుందాం, గౌరవంగా ఉంటుంది అంటున్నారు. వంశవృక్షంలో ఏమని రాయాలి, అసలు రాయొచ్చా అన్నది మీ సందేహం.

రాయండి. ‘సైసు’ అనే రాయండి. సైసు, గుర్రపువాడు రెండూ ఒకే పని పేర్లు. సాయిబుకూ దీనికీ చుట్టరికం లేదు. రౌతు అసలు వేరే మనిషి. ఇంతవరకు తేలిగ్గానే తేలుతుంది. కానీ మీ బాబాయిగారి మాట వెనక ఉన్న సంకోచం నేను చాలా ఇళ్లలో చూశాను. బెంగళూరులో గుర్రాలకు వైద్యం చేస్తూ ఉద్యోగ జీవితమంతా సైసుల మధ్యే గడిపినవాణ్ణి కాబట్టి, కాస్త వివరంగా చెప్పకుండా ఉండలేను.

ముందు మాట సంగతి. ఇది అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా ఉర్దూలోకి, అక్కణ్నుంచి మన దాకా వచ్చింది. అరబ్బీలో ‘సాస’ అనే క్రియకు పశువును, ముఖ్యంగా గుర్రాన్ని, కనిపెట్టుకుని ఉండి దారికి తేవడం అని అర్థం. ఆ పని చేసేవాడు ‘సాయిస్’. ఆ పనికి పేరు ‘సియాసత్’. గుర్రాన్ని సంబాళించడానికి వాడిన మాటే తర్వాత జనాన్ని పాలించడానికీ వాడుకలోకి వచ్చింది. ఇవాళ ఉర్దూలో సియాసత్ అంటే రాజకీయం, హైదరాబాదులో ఆ పేరుతో ఉర్దూ దినపత్రిక ఉంది కూడా. సాయిబు అన్నది ‘సాహిబ్’ నుంచి వచ్చింది. దానికి తోడున్నవాడు, యజమాని అని అర్థాలు. అరబ్బీ లిపిలో ఈ రెండు మాటల మొదటి అక్షరాలే వేరు: ఒకటి ‘సీన్’తో మొదలవుతుంది, రెండోది ‘స్వాద్’తో. జట్కాలు తోలేవాళ్లలో ముస్లిములు ఎక్కువగా ఉండడం వల్ల మన ఊళ్లలో ‘జట్కా సాయిబు’ అనడం అలవాటయింది, మీ అన్నయ్యకు అక్కడే పొరపాటు పడి ఉంటుంది. సైసు అన్నది మతాన్ని గాని కులాన్ని గాని చెప్పే మాట కాదు. అన్ని మతాలవాళ్లూ, ఎన్నో కులాలవాళ్లూ ఈ పని చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు.

తెలుగులో రాసేటప్పుడు ‘సైసు’ అంటే చాలు. బహువచనం ‘సైసులు’. ‘సైసును పెట్టుకున్నారు’, ‘సైసు గుర్రాన్ని తిప్పుతున్నాడు’, ‘ఆయన సైసుగా కుదిరాడు’ అంటే ఎక్కడా ఇబ్బంది ఉండదు. ఉర్దూ పలుకుబడికి దగ్గరగా ఉండాలనుకునేవాళ్లు ‘సాయీసు’ అంటారు, అదీ ఒప్పే. పాత ఇంగ్లిషు కాగితాల్లో దీన్ని ఎస్-వై-సి-ఇ అని రాసేవారు. ఆ అక్షరాలు చూసి ‘సిస్’ అనో ‘సిక్’ అనో చదువుకోకండి.

మరి ఒకే మనిషికి చీటీలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఎందుకున్నాయి? నాకు ఆసక్తి కలిగించింది ఇదే. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి కూర్చిన, 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో ఇండియన్ పదాల నిఘంటువు ఉంది. ఇద్దరిలో బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు, తంజావూరులో జడ్జిగా ఉన్నవాడు, దక్షిణాది వాడుక ఎరిగినవాడు. అందులో ఈ మాట దగ్గర, బెంగాలు వైపు అందరూ సైస్ అంటారనీ, దక్షిణాదిన ‘హార్స్‌కీపర్’ అన్నదే ఎక్కువ వినబడుతుందనీ, బొంబాయి వైపు ‘ఘోడావాలా’ అంటారనీ ఉంది. మద్రాసు దొర ‘హార్స్‌కీపర్’ అన్నాడు, అతని లాయంలో పనిచేసే తెలుగువాడు ‘గుర్రపువాడు’ అన్నాడు, తమిళుడు ‘కుదిరైక్కారన్’ అన్నాడు. మూడూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మీ నాయనమ్మ నోట వచ్చింది మద్రాసు ప్రాంతపు తెలుగు మాట.

బెంగళూరు కథ కొంచెం వేరు. 1881లో మైసూరు రాజ్యం తిరిగి ఒడయార్ల చేతికి వచ్చినా, ఇక్కడి సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్, అంటే కంటోన్మెంటు ప్రాంతం, మాత్రం బ్రిటిషు రెసిడెంటు కిందే ఉండిపోయింది. అక్కడికి ఇంగ్లండు నుంచీ, ఉత్తరాది కంటోన్మెంట్ల నుంచీ అశ్వదళాలు మారుతూ ఉండేవి. 1896లో ఫోర్త్ హుస్సార్స్ దళంతో ఇక్కడికి వచ్చిన కుర్ర అధికారి విన్‌స్టన్ చర్చిల్, ఆనాటి బెంగళూరు జీవితం గురించి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. బట్టలు డ్రెస్సింగ్ బాయ్‌కి, పోలో గుర్రాలు సైసుకి, డబ్బు బట్లరుకి అప్పగిస్తే ఇక దేనికీ బెంగపడక్కర్లేదట. ఆయన వాడిన మాట ‘సైస్’. అంటే మద్రాసు వైపు హార్స్‌కీపర్ ఎక్కువగా చెల్లుతున్న రోజుల్లోనే, బెంగళూరు కంటోన్మెంటు లాయాల్లో ఉత్తరాది మాట పాతుకుపోయింది. 1912 నాటి మీ చీటీలో అది కనబడడంలో వింత ఏమీ లేదు. దొర దొరల మాట రాశాడు, ఇంట్లోవాళ్లు తమ మాట చెప్పుకున్నారు.

అదే నిఘంటువులో ‘గ్రాస్‌కటర్’ అనే మాట దగ్గర ఇంకో సంగతి ఉంది, మీ కుటుంబానికి అది మరీ ముఖ్యం. ప్రతి గుర్రానికీ సైసుతోపాటు గడ్డి తెచ్చే మనిషి ఒకరు ఉండేవారు. ఉత్తరాదిన ఆ పని మగవాళ్లది. దక్షిణాదిన మాత్రం గుర్రపువాడి భార్యే ఆ పని చేసేదట. గడ్డి తేవడమంటే ఏదో మోపెడు పచ్చగడ్డి కోసుకురావడం కాదు. గుర్రానికి గరిక కావాలి. గరిక నేలను కరుచుకుని పాకుతుంది, కొడవలికి అందదు. నేల మీద గొంతుక్కూర్చుని దోకుడుపారతో వేళ్లతో సహా చెక్కాలి. చెక్కినదాన్ని దులిపి, మట్టి పోయేదాకా నీళ్లలో జాడించి, ఆరబెట్టి, మోపు కట్టి తేవాలి. మట్టి ఉండిపోతే అది గుర్రం పేగుల్లో పేరుకుని ప్రాణం మీదికి తెస్తుంది. గుర్రం రోజంతా మేస్తూనే ఉండాలి, కాబట్టి ఈ పని వానాకాలమని, పండగని ఆగేది కాదు. దొర రాసిన చీటీలో మీ ముత్తాతగారి పేరు ఒక్కటే ఉంటుంది. మీ ముత్తవ్వ గురించి ఇంట్లో ఇంకా ఎవరికైనా గుర్తుంటే ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. గడ్డి, గరిక, దోకుడుపార అన్న మాటలు వాళ్ల నోట వచ్చాయంటే, వంశవృక్షంలో ఆమె పేరు పక్కన కూడా ఒక పని రాయాలి.

ఇప్పుడు సైసు చేసే పని. మీ బాబాయిగారి సంకోచం తీరాలంటే ఇది తెలియాలి.

రోజు తెల్లవారక ముందే మొదలవుతుంది. లాయంలోకి వెళ్లగానే సైసు చూసేది దాణా తొట్టి. రాత్రి పెట్టింది పూర్తిగా తిందా, వదిలిందా. తర్వాత నేల మీది లద్దె: ఎన్ని కుప్పలున్నాయి, ఉండలు గట్టిగా ఉన్నాయా, జారుగా ఉన్నాయా. తర్వాత వంగి, అరచేతి వెనక భాగాన్ని ఒక్కొక్క కాలి మీద పైనుంచి కిందికి, మోకాలి దిగువ నరం మీదుగా గిట్ట దాకా నడిపిస్తాడు. అరచేతి కంటే చేతి వెనక చర్మానికి వేడి త్వరగా తెలుస్తుంది. నాలుగు కాళ్లలో ఒకటి మిగతావాటికంటే కాస్త వెచ్చగా ఉంటే, ఆ గుర్రం ఆ పూట పరుగుకు వెళ్లదు. గిట్టలు ఒక్కొక్కటీ ఎత్తి లోపలి మట్టీ రాళ్లూ గీకేస్తాడు. పాత తెలుగులో ‘గొరపం’ అనే సాధనం, లాయంలో అందరూ ‘ఖరారా’ అనేది, దాంతో ఒళ్లంతా తోముతాడు. తర్వాత మాలిష్. పరుగు నుంచి వచ్చిన గుర్రాన్ని చెమట ఆరేదాకా చేత పట్టుకుని తిప్పేదీ అతనే. దాణా తినిపించే సంచిని ‘తోబ్రా’ అంటారు. ముందుకాళ్లకు కట్టే తాడు ‘అగాడి’, వెనకకాళ్లకు కట్టేది ‘పిఛాడి’. వెనకటి రోజుల్లో దాణా అంటే ముఖ్యంగా ఉలవలే. నానబెట్టి, ఉడకబెట్టి, చల్లార్చి పెట్టేవారు. ‘గుర్రానికి గుగ్గిళ్లు తిన నేర్పాలా’ అన్న సామెతలోని గుగ్గిళ్లు అవే. గుర్రం పొట్ట దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, పైగా దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. అందుకే కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా పెట్టాలి. ఒక పూట ఎక్కువ పెట్టినా శూల, అంటే కడుపునొప్పి, రావచ్చు, చూస్తుండగానే చచ్చిపోనూవచ్చు.

ఒక రాత్రి నన్ను లాయానికి పిలిపించారు. వెళ్లేసరికి ఒక పెద్దాయన, హోసూరు వైపు తెలుగాయన, ఆడగుర్రాన్ని పట్టుకుని నెమ్మదిగా నడిపిస్తున్నాడు. నేను నోరు తెరవకముందే వరసగా చెప్పాడు: ‘పొద్దుగూకినాక లద్దె వేయలేదు సార్. దాణా సగం వదిలేసింది. దీపం పెట్టినాక ముందుకాలితో గీరడం మొదలుపెట్టింది. కుడి డొక్క వైపే తిరిగి చూస్తా ఉంది, ఎడమవైపు చూడలేదు. రెండుసార్లు పొర్లబోతే లేపినా.’ గుండె మీద గొట్టం పెట్టి చూస్తే నిమిషానికి 60 దాటి కొట్టుకుంటోంది. నెమ్మదిగా ఉన్న గుర్రానికి అది 28 నుంచి 44 మధ్య ఉండాలి. నా చేతిలోని పరికరం చెప్పింది ఆ ఒక్క అంకె. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఎంత వేగంగా ముదురుతోంది అన్నవన్నీ ఆయన కళ్లతో చూసి చెప్పినవే. వైద్యం ఆ మాటల మీదే మొదలుపెట్టాను, తెల్లవారేసరికి గుర్రం లద్దె వేసింది. గుర్రాల డాక్టరు ఎవరినైనా అడగండి, సరైన సైసు లేని లాయంలో వైద్యం ఎంత కష్టమో చెబుతారు.

అందుకే రౌతు అని రాయొద్దంటున్నాను. రౌతు గుర్రమెక్కేవాడు. ‘రాజపుత్ర’ నుంచి పుట్టిన ‘రావుతు’, ‘రాహుతు’ అన్న మాటలే రౌతు అయ్యాయి. తమిళనాడులోని రావుత్తర్లు అనే ముస్లిం సముదాయానికి ఆ పేరు రావడం కూడా అశ్వదళంతో ఉన్న సంబంధం వల్లే. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నప్పుడు మనం తలచుకునేది జీను మీద కూర్చున్నవాణ్ణి. సైసు పని ఎక్కువగా నేల మీద. ముత్తాతగారికి గౌరవం ఇవ్వాలని ఆయన చెయ్యని పని పేరు ఆయనకు తగిలిస్తే, ఆయన చేసిన పనిని చెరిపేసినట్టవుతుంది.

మిగతావాళ్లనూ విడదీసి చూస్తే మంచిది, ఎందుకంటే పాత కాగితాల్లో ఈ మాటలన్నీ పక్కపక్కనే కనబడతాయి. గుర్రానికి లాడాలు కొట్టేవాడు నాల్‌బంద్. ఆ పేరు కొన్ని కుటుంబాలకు ఇంటిపేరుగా ఇప్పటికీ ఉంది. కొత్త గుర్రాన్ని లొంగదీసి సవారీకి తయారుచేసేవాడు చాబుక్‌సవారు. గుర్రాల వైద్యుడు సలోత్రి. అశ్వశాస్త్రం చెప్పిన శాలిహోత్రుడి పేరే అలా మారింది, నా వృత్తి పాత పేరు అదే కాబట్టి దాని మీద నాకు మమకారం ఎక్కువ. జట్కావాడు బండి తోలేవాడు. అతని గుర్రాన్ని అతనే చూసుకుంటాడు గాని, అతన్ని సైసు అనరు. సైసు సాధారణంగా ఇంకొకరి గుర్రాన్ని చూసేవాడు. దొర గుర్రమెక్కి వెళ్తుంటే పక్కన, బండిలో వెళ్తుంటే ముందో వెనకో, చేతిలో ఈగలు తోలే కుచ్చుతో పరుగెత్తేవాడు కూడా అతనే. పదహారో శతాబ్దంలో అబుల్ ఫజల్ అక్బరు లాయాల ఉద్యోగులను వరసగా పేర్కొన్నప్పుడు సాయీసు, నాల్‌బంద్, చాబుక్‌సవారు, వైద్యుడు అందరికీ వేరు వేరు చోట్లే ఇచ్చాడు. దిష్టి తగలకుండా గింజలు కాల్చి పొగ వేసేవాడికి కూడా ఆ పట్టీలో చోటుంది. ఇన్ని పనులు కలిస్తేనే ఒక లాయం.

ఇంటిపేరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘గుర్రం’ అని ఇంటిపేరున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అంతమాత్రాన వాళ్ల పూర్వీకులు సైసులని తేల్చకూడదు.

సైసు అన్న మాట రాకముందు మనవాళ్లు ఏమనేవారని కూడా అడిగారు. శాసనాల్లోనూ పాత కావ్యాల్లోనూ ‘సాహిణి’ అన్న మాట ఉంది. సంస్కృతం ‘సాధనిక’ నుంచి వచ్చింది. గుర్రాలను, ఏనుగులను తీర్చిదిద్దేవాడు, వాటి దళానికి అధిపతి అని దాని అర్థం. కాకతి గణపతిదేవుడి ఏనుగుల దళాన్ని నడిపిన జాయపసేనాని గజసాహిణి. హుళక్కి భాస్కరుడు తన రామాయణాన్ని అంకితమిచ్చింది సాహిణి మారనకు. అంటే లాయానికి సంబంధించిన ఒక బిరుదు మన తెలుగు రామాయణం అంకితంలో చేరింది. అయితే సాహిణి పెద్ద ఉద్యోగి. అతని చేతికింద గరిక, గొరపం, దాణా చూసుకునే మనుషులు వందల్లో ఉండేవారు. మీ ముత్తాతగారిని సాహిణి అనడం కూడా సరికాదు.

ఆ వందల మంది విలువ ఎంతో తెలియాలంటే విదేశీయులు రాసింది చూడాలి. పదమూడో శతాబ్దం చివర మన తూర్పు తీరానికి వచ్చిన మార్కో పోలో, ఇప్పటి తమిళనాడు తీరంలోని రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవనీ రాశాడు. కారణం వాటిని చూసుకోవడం తెలిసినవాళ్లు లేకపోవడం. అన్నం, మాంసం ఉడికించి పెట్టేవారట. గుర్రాలు అమ్మే వర్తకులు తమ వెంట గుర్రాల వైద్యులను రానిచ్చేవారు కాదు, గుర్రాలు చస్తేనే కదా మళ్లీ కొత్తవి అమ్ముడుపోయేది. తర్వాత రెండున్నర శతాబ్దాలకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఇంకో సంగతి రాశాడు. సాళువ నరసింహుడు గుర్రాల కోసం ఎంత ఆత్రపడ్డాడంటే, ఓడలో వస్తూ దారిలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపించినా, బతికున్నదానికి ఇచ్చినట్టే ధర చెల్లించేవాడట. తన కాలంలో విజయనగర రాజు లాయంలో 1,600 మంది గుర్రపువాళ్లు, 300 మంది గుర్రాలను తీర్చిదిద్దేవాళ్లు ఉండేవారనీ రాశాడు. గుర్రాల ఒంటి మీద రాజముద్ర వేసేవారు. గుర్రం చస్తే, ఆ ముద్ర ఉన్న చర్మం ముక్క కోసి తెచ్చి అశ్వాధ్యక్షుడికి చూపిస్తేనే ఇంకో గుర్రం ఇచ్చేవారు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు దిగేలా రేవులను బాగుచేసుకోవాలన్నాడు. గుర్రం అంత ఖరీదైన సరుకు. రేవులో దిగిన ఆ సరుకును బతికించి నిలబెట్టింది ఆ 1,600 మంది. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు. మీ ఇంట్లో పేరుతో సహా ఒక చీటీ దొరికిందంటే దాని విలువ గుర్తించండి.

ఈ పని తక్కువదేమో అన్న బెంగ ఉంటే మహాభారతం చాలు. అజ్ఞాతవాసంలో విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో చేరింది గుర్రాలను చూసుకోవడానికే. గుర్రాల మనసెరిగినవాణ్ణనీ, వాటి రోగాలు కుదర్చగలననీ చెప్పుకుని చేరాడు.

అయితే ఇంగ్లిషువాళ్ల కాలంలో ఈ పనికి హోదా దక్కలేదన్నది నిజం, దాన్ని దాచక్కర్లేదు. సైన్యంలో గుర్రమెక్కి పోరాడే సవారు పేరు సిపాయిల పట్టీలో ఉంటే, సైసు పేరు వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లతోపాటు ‘ఫాలోవర్స్’ అనే వేరే పట్టీలో ఉండేది. దొరల ఇళ్లలో అతను బట్లరు కిందవాడు. 1918 సెప్టెంబరు 23న మైసూరు, జోధ్‌పూరు అశ్వదళాలు ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణాన్ని పట్టుకున్నాయి. బెంగళూరు జేసీ నగరులో మైసూరు లాన్సర్ల స్మారకం ఉంది, ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరా వాళ్లకు విగ్రహం నిలిచింది. ఆ రోజుల్లో మన అశ్వదళాలు సముద్రం దాటినప్పుడు గుర్రాలతోపాటు సైసులూ ఓడలెక్కారు. ఓడ అడుగున గాలాడని చోట, తుళ్లిపడే గుర్రాల మధ్య నిలబడి వాటికి నీళ్లు తాగించినవాళ్లు వాళ్లే. వాళ్లకూ ఒక రాయి వేయాల్సింది. ‘ఒరే సైస్’ అని పిలిచినవాళ్ల వల్ల ఆ మాటకు చిన్నతనం అంటింది గాని, మాటలో చిన్నతనం ఏమీ లేదు.

మాట ఇప్పటికీ బతికే ఉంది. బెంగళూరు రేసు గుర్రాల లాయాల్లో తెలుగు, తమిళం, కన్నడం, దక్కనీ కలగలిసిన మాటల మధ్య కూడా పని పేరు సైసే. ఒక్కొక్కరి చేతికింద ఒకటో రెండో మూడో గుర్రాలుంటాయి. సైసుల మీద పెత్తనం జమేదారుది. దేశం దాటాక మాత్రం ఈ మాట దారి మారింది. మలేషియా, సింగపూరులో మోటారు కార్లు వచ్చాక గుర్రాన్ని వదిలి కారు డ్రైవరును పట్టుకుంది. కైరోలో నేడు సాయిస్ అంటే వీధిలో కార్లు నిలిపించే మనిషి.

కథలూ అనువాదాలూ రాసేవాళ్లకు ఒక విన్నపం. కంటోన్మెంటు కథలో సైసును ‘అశ్వపాలకుడు’ అనకండి, అది పురాణాల్లో బాగుంటుంది. ‘సూతుడు’ అసలే వద్దు, సూతుడు రథం తోలేవాడు. ‘గుర్రాల కాపరి’ అంటే మందను మేపేవాడనిపిస్తుంది. బెంగళూరులో, దొరల నోట సైసు అనిపించండి. మద్రాసు, చిత్తూరు, నెల్లూరు వైపు ఇళ్లలో గుర్రపువాడు అనిపించండి.

ఇక మీ కాగితం. దాన్ని ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. ఇలాంటి చీటీల్లో సైసు పేరు కింద దొర సంతకం, అతని దళం పేరు లేదా సంఖ్య ఉంటాయి. ఉద్యోగం మారినప్పుడు కొత్త దొరకు చూపించుకోవడానికే ఇవి రాయించుకునేవారు, కాబట్టి అదే పెట్టెలో మరికొన్ని ఉండొచ్చు. దళం పేరు దొరికితే అది బెంగళూరులో ఏ సంవత్సరాల్లో ఉందో, ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవడం కష్టం కాదు. అందులో హోసూరు పేరు గాని, ‘రిమౌంట్’ అన్న మాట గాని ఉంటే ఇంకా మంచిది. సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసే మద్రాసు ప్రభుత్వపు డిపో హోసూరులో ఉండేది, ఆ చుట్టుపక్కల తెలుగు పల్లెలు చాలా ఉన్నాయి. మీ పూర్వీకులు ఆ దారిన బెంగళూరు చేరారేమో అప్పుడు వెతకొచ్చు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూసేటప్పుడు ‘సైస్’ కింద మాత్రమే కాకుండా ‘హార్స్‌కీపర్’, ‘గ్రూమ్’, ‘ఫాలోవర్’, ‘గ్రాస్‌కటర్’ అన్న మాటల కింద కూడా చూడండి. కాగితం మడతల దగ్గర చిరుగుతోందన్నారు కదా, ల్యామినేషన్ మాత్రం చేయించొద్దు. ఆమ్లం లేని కాగితపు కవరులో విప్పి పరిచిపెట్టి, రెండు వైపులా ఫోటో తీసి ఉంచుకోండి. చీటీ వెనకవైపు జీతం లెక్క గాని, గుర్రం పేరు గాని పెన్సిలుతో రాసి ఉండే అవకాశం ఉంది.